బొబ్బిలికి వేషాలు పంచితే

1757 నాటి బొబ్బిలి యుద్ధాన్ని తెలుగువాళ్ళు పెద్ద ఎత్తున రెండుసార్లు తెరకెక్కించారు. 1964లో సి. సీతారాం తీసిన 'బొబ్బిలి యుద్ధం'లో బొబ్బిలి రాజా రంగారావుగా ఎన్.టి. రామారావు, రాణి మల్లమ్మగా భానుమతి, రాణి అన్న పాపారాయుడిగా ఎస్.వి. రంగారావు, విజయనగరం రాజు విజయరామరాజుగా రాజనాల నటించారు. 1986లో దాసరి నారాయణరావు తీసిన 'తాండ్ర పాపారాయుడు'లో పాపారాయుడి వేషం కృష్ణంరాజుది. రెండూ నాకు ఇష్టమే. అయినా ఆ కథ తలచుకున్నప్పుడల్లా నా మనసులో ఇంకో సినిమా ఆడుతూ ఉంటుంది. దానికి నటుల్ని నేనే ఎంచుకున్నాను. వాళ్ళలో ఎక్కువమంది ఇప్పుడు లేరు. పొద్దున్న కోటలో ఉన్నవాళ్ళలో సాయంత్రానికి దాదాపు ఎవరూ మిగలని కథ ఇది. దీన్ని ఆడడానికి పోయినవాళ్ళే తగినవాళ్ళని నాకు అనిపిస్తుంది.

పంపకానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. మంచివాడెవరు, చెడ్డవాడెవరు అని చూడను. ఎవరి మనసును మోయడం ఎక్కువ కష్టమో వాళ్ళకు పెద్ద నటుణ్ణి ఇస్తాను. ఆ లెక్కన మొదటి వేషం విజయరామరాజుది. దాన్ని ఎస్.వి. రంగారావుకే ఇస్తాను.

1964లో ఆయన పాపారాయుడై గర్జించిన మాట నిజమే. కానీ ఆనాటి సంగతుల్ని ఇంగ్లీషులో రాసిపెట్టిన రాబర్ట్ ఆర్మ్ విజయనగరం రాజుని ఎలా వర్ణించాడో చూడండి: చాలా భారీ మనిషి, ఎవరైనా చెయ్యి అందించకపోతే కూర్చున్నచోటు నుంచి లేవలేడు. ఆ దేహం, దాని లోపల కుదురులేని మనసు. 'నర్తనశాల'లో కీచకుడిగా రంగారావు చేసింది ఇదే కదా. జకార్తా చలనచిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి తెచ్చిన వేషం అది. తప్పని తెలుస్తూనే కోరికను వదల్లేనివాణ్ణి ఆయన చూపించినట్టు ఇంకెవరూ చూపించలేదు. విజయరామరాజును గుడ్లురిమే విలన్‌గా నిలబెడితే కథ సులువైపోతుంది. పతనం మాత్రం కనబడకుండా పోతుంది.

అతనికీ ఒక కష్టం ఉంది. బొబ్బిలి వెలమ దొరలూ, విజయనగరం పూసపాటి రాజులూ ఇద్దరూ పదిహేడో శతాబ్దంలో శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ నీడన పైకి వచ్చినవాళ్ళే. ఒకే కాలంలో, ఒకే కొలువులో, పక్కపక్క భూముల్లో వేళ్ళూనుకున్నారు. నూరేళ్ళు గడిచేసరికి విజయనగరం బాగా పెరిగింది. బొబ్బిలి చిన్నదిగానే ఉంది, వంగడం మాత్రం నేర్చుకోలేదు. సరిహద్దు పల్లెల్లో దోపిళ్ళు, పశువుల తోలకాలు, అన్నిటికంటే ముఖ్యంగా నీళ్ళు. వాగుల నీటిని బొబ్బిలి వాళ్ళు తమ పొలాలకు మళ్ళించుకుంటున్నారన్నది విజయనగరం ఫిర్యాదు. ఆర్మ్ కూడా ఆ మాట రాశాడు. పైన అడ్డుకట్ట పడితే దిగువ మడి ఎండుతుంది. ఎండిన మడి రైతు రాజు దగ్గరికి వచ్చి మొర పెట్టుకుంటాడు. రాజు ఏం చేయలేకపోతే ఆ చిన్నతనం మనసులో ముల్లై దిగుతుంది.

అందుకే నా సినిమా కోటలో మొదలవదు, ఫిరంగితో మొదలవదు. నెర్రెలిచ్చిన మడి గట్టు మీద బరువుగా నిలబడ్డ ఎస్.వి. రంగారావు ముఖంతో మొదలవుతుంది. అక్కడ ఆయన మీద మనకు జాలి కలగాలి. తర్వాత రెండు గంటల్లో ఆ జాలే మనల్ని బాధపెట్టాలి.

ఆ సీమ ఎలాంటిదో కూడా చెప్పాలి. ఒకవైపు తూర్పు కనుమలు, ఒకవైపు సముద్రం, మధ్యలో సన్నని మైదానం. దూరాన ఉండే నిజాంకు అది ఏలుబడి చివరి అంచు. అక్కడ ఫర్మానాల కంటే మట్టికోటల మాటే ఎక్కువ చెల్లేది. 1753లో నిజాం సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి సైన్యం జీతాల కింద ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారుల్ని ఫ్రెంచివాళ్ళకు రాసిచ్చాడు. నేల ఇచ్చినవాడు దాన్ని చూడలేదు. పుచ్చుకున్నవాళ్ళకు దాని భాష రాదు. శిస్తు వసూలు చేసి ఇచ్చే స్థానికుడొకడు వాళ్ళకు కావాలి. విజయరామరాజు ఆ పనికి ముందుకొచ్చి రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులు ఇజారాకు తీసుకున్నాడు. అలా ఒక పొరుగు తగాదా వెనక్కి ఒక విదేశీ సైన్యం వచ్చి చేరింది.

ఆ సైన్యానికి నాయకుడు మార్కీ ద బుస్సీ. తెలుగు నటుడికి తెల్లరంగు పూసి, ముక్కలు చెక్కలుగా తెలుగు మాట్లాడించే పద్ధతి నాకు మొదటినుంచీ గిట్టదు. నా సినిమాలో బుస్సీ ఫ్రెంచివాడే. అందుకు జెరార్ ఫిలిప్ కావాలి. 1952 నాటి 'ఫాన్‌ఫాన్ లా తులిప్'లో కత్తి తిప్పుతూ ప్రపంచాన్ని నవ్వించిన అందగాడు, 1959లో ముప్పై ఆరేళ్ళకే కన్నుమూశాడు. బొబ్బిలికి వచ్చేనాటికి బుస్సీకి కూడా ఇంకా నలభై రాలేదు. అప్పటికే దక్కనులో నవాబుల్ని గద్దెనెక్కించిన చెయ్యి అతనిది. 1756లో నిజాం దర్బారు అతనికి ఎదురు తిరిగితే హైదరాబాదు చార్‌మహల్‌లో నిలిచి పోరాడి, మళ్ళీ సంధి చేసుకుని, నవంబరులో కోస్తాకు దిగాడు. గెలవడం అలవాటైనవాడి చిరునవ్వు ఫిలిప్ ముఖంలో ఉంది. ఆ చిరునవ్వు 1757 జనవరి 24 మధ్యాహ్నం ఏమవుతుందో చూడాలనే అతణ్ణి అడుగుతున్నాను.

అతనికీ ఈ నేలకూ మధ్య దివాను హైదర్ జంగ్. ఈ వేషానికి సి.ఎస్.ఆర్. ఆంజనేయులు తప్ప ఇంకొకరు నాకు తోచరు. 'మాయాబజార్' శకునిని చూసినవాళ్ళకు కారణం చెప్పనక్కర్లేదు. సాగదీసి పలికే ఒక్క మాటలో తేనే, విషమూ కలిపి పోయగలిగిన గొంతు. హైదర్ జంగ్ చేతికి విజయనగరం సొమ్ము ముట్టిందని మన పాటలూ కథలూ అన్నీ చెబుతాయి. సొమ్ము సంగతి ఎలా ఉన్నా బొబ్బిలి మాట బుస్సీ చెవిన పడాలంటే మధ్యవర్తి నోటి మీదుగానే రావాలి. ఆ నోరు ఎవరి పక్షమో బొబ్బిలికి తెలుసు. బుస్సీకి తెలియదు.

రాజమహేంద్రవరం దగ్గర విజయరామరాజు తన సేనతో బుస్సీని కలిశాడు. పాత ఫిర్యాదంతా విప్పాడు. బుస్సీ బొబ్బిలికి ఒక ప్రతిపాదన పంపాడు: ఆ నేల వదిలిపెట్టు, అంతే రాబడి ఉన్న భూమి వేరేచోట ఇస్తాను. ఇందులో బుస్సీ దుర్బుద్ధి ఏమీ నాకు కనబడదు. భూమి అంటే అతనికి రాబడి. లెక్క సరిపోతే చాలు. రాజా రంగారావుకు అది తాతల మట్టి, ఊరి చెరువు, కుదురు. తన మేలు కోరి చేసిన ఏర్పాటును ఎదుటివాడు అవమానంగా ఎందుకు తీసుకున్నాడో బుస్సీకి కడదాకా అర్థమై ఉండదు.

ఆ తర్వాత బొబ్బిలి అడవి దారిలో వెళ్తున్న ఫ్రెంచి సిపాయిల దళం మీద దాడి జరిగింది. ముప్పై మంది దాకా చచ్చిపోయారు. చేసినవాళ్ళు బొబ్బిలి మనుషులేనని విజయరామరాజు నమ్మించాడు. నిజంగా ఎవరి పనో అన్నదాని మీద మాటలు పలు రకాలుగా ఉన్నాయి. సినిమాలో దాన్ని తేల్చి చూపించొద్దనే నేనంటాను. చెట్ల వెనక నుంచి బాణాలు, తుపాకులు. ముఖాలు కనబడకూడదు. ఆనాడు బుస్సీ నిర్ణయం తీసుకున్నది కూడా ముఖాలు కనబడని ఆ చీకట్లోనే.

ఇక రాజా రంగారావు. రామారావు గారి ఠీవిని కాదనను. నాకు మాత్రం కాంతారావు కావాలి. 'కత్తి కాంతారావు' అని జనం ముద్దుగా పిలుచుకున్న మనిషి, జానపద చిత్రాల్లో కత్తి చేతపట్టి ఎన్నో కోటలు గెలిచాడు. పౌరాణికాల్లో మాత్రం పెద్ద హీరో పక్కన నారదుడిగానో, తమ్ముడిగానో నిలబడ్డాడు. నిర్మాతగా సొంత ఆస్తులు పోగొట్టుకున్నాడు. ఓటమి అంటే ఏమిటో జీవితంలో ఎరిగి, తెర మీద ఎన్నడూ చూపించే అవకాశం రాని నటుడు. కత్తి తిప్పడంలో అంత నేర్పున్నవాడి చేతిలో ఉన్న కత్తి ఇక ఎందుకూ పనికిరాదని తెలిసే క్షణం ఈ కథలో ఉంది. దాన్ని కాంతారావు చేయాలి.

బొబ్బిలి కోట మట్టికోట. చుట్టూ దట్టమైన అడవి, నాలుగు మూలలా నాలుగు బురుజులు. 'మల్లీశ్వరి'కి ఊళ్ళు, వీధులు, అంతఃపురాలు కట్టిన ఎ.కె. శేఖర్‌కి ఈ కోటను అప్పగిస్తాను. రాజస్థాన్ రాతికోటలా ఉండొద్దనీ, ఎర్రమట్టి తడి వాసన తెలియాలనీ చెబుతాను. కెమెరా మార్కస్ బార్ట్‌లీది. మాయాబజారులో వెన్నెలను సృష్టించినవాడు. ఈసారి వెన్నెల అక్కర్లేదు. జనవరి ఉదయపు మంచు నుంచి నడినెత్తి ఎండ దాకా ఒక్క పగలు చాలు. దర్శకత్వం బి.ఎన్. రెడ్డిది. తొందరపడని మనిషి. ఒక మనిషి ముఖం మీద బాధ పూర్తిగా విచ్చుకునేదాకా ఆగగలిగినవాడు.

జనవరి 24న తెల్లవారుతూనే ఫిరంగులు నాలుగు బురుజుల మీదా ఒక్కసారిగా గురిపెట్టాయి. తొమ్మిదింటికల్లా పిట్టగోడలు కూలాయి. నాలుగు దళాలు నిచ్చెనలతో ఎక్కబోయాయి. గంటసేపు ప్రయత్నించినా ఒక్కడు కూడా గోడ దాటి లోపల కాలు పెట్టలేకపోయాడని ఆర్మ్ రాశాడు. మళ్ళీ ఫిరంగులు, మళ్ళీ నిచ్చెనలు. లోపల ఉన్నవాళ్ళు కొద్దిమంది. పడిపోయినవాడి చోట నిలబడడానికి ఇంకొకడు లేడు. ఈ పోరును సినిమాలో పది నిమిషాలకు మించి సాగనీయను. తెలుగు తెర మీద యుద్ధాలు చాలా చూశాం. మనం సరిగ్గా చూడనిది ఆ తర్వాతిది.

మధ్యాహ్నం రెండింటికి రంగారావు ముఖ్యుల్ని పిలిచాడు. కోట నిలవదని చెప్పాడు. ఆడవాళ్ళూ పిల్లలూ పరాయి సైనికుల చేతికీ, అంతకంటే హీనమనుకున్న విజయనగరం చేతికీ చిక్కకూడదని నిశ్చయించారు. ఇళ్ళకు నిప్పు పెట్టారు. మంటల్లోంచి బయటికి వచ్చినవాళ్ళను సొంత మనుషులే పొడిచారు. ఆ పని ముగించి మగవాళ్ళు తిరిగి గోడల మీదికి వెళ్ళారు, చావడానికి.

మన జంగాలు, బుర్రకథల వాళ్ళు తరతరాలుగా ఈ ఘట్టాన్ని పాడారు. దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము'గా కావ్యం కట్టాడు. వేదం వెంకటరాయశాస్త్రి నాటకం చేశాడు. ఊళ్ళో కథ చెప్పించుకున్న ప్రతిసారీ ఇక్కడ ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, మగవాళ్ళు మీసం మీద చెయ్యి వేస్తారు. ఆ మీసం మీది చెయ్యి నాకు నచ్చదు. దొరల పౌరుషానికి ఆ పూట వెల చెల్లించింది పిల్లల ప్రాణాలతో, మాట అడగని ఆడవాళ్ళ ప్రాణాలతో. దీన్ని త్యాగమని గొప్పగా చూపించినా అబద్ధమే. ఈ కాలం నుంచి వేలెత్తి చూపి ఛీ అన్నా అబద్ధమే. వాళ్ళ భయం ఉత్తుత్తి భయం కాదు. పట్టుబడ్డ కోటల్లో ఆడవాళ్ళకు ఏం జరిగేదో వాళ్ళకు తెలుసు.

ఈ భారం మోయడానికి మల్లమ్మగా శారద కావాలి. తెనాలి నుంచి మలయాళం దాకా వెళ్ళి నటనకు ఊర్వశి బిరుదు తెచ్చుకున్న నటి. 'నిమజ్జనం'తో తెలుగు సినిమాకూ ఆ గౌరవం తెచ్చింది. మన నాటకాలు మల్లమ్మ చేత ఈ ఘట్టంలో వీరపత్ని ఉపన్యాసం చెప్పిస్తాయి. నేను ఒక్క మాట కూడా చెప్పించను. శారద పిల్లవాడికి అన్నం తినిపిస్తూ ఉంటుంది. గది బయట మగవాళ్ళ ఆలోచన సాగుతూ ఉంటుంది. నిర్ణయమైపోయిందని ఆమెకు ఎవరూ వచ్చి చెప్పరు. కాంతారావు గుమ్మంలోకి వచ్చి నిలబడతాడు. ఆమె అతని చేతివైపు చూస్తుంది. పిల్లవాడి మూతి తుడుస్తుంది. బి.ఎన్. రెడ్డి ఇక్కడే ఎంతసేపైనా ఆగాలి.

సంభాషణలు చాసోకు ఇచ్చేది కూడా ఇందుకే. చాగంటి సోమయాజులు విజయనగరంలో బతికిన కథకుడు, ఒక్క మాట ఎక్కువ రాయనివాడు. బొబ్బిలి దుఃఖాన్ని విజయనగరం మనిషి రాయాలన్నది నా పట్టుదల. పాత్రలు గ్రాంథికంలో అరవకుండా ఆ మండలపు మాటలే మాట్లాడుకుంటాయి. అవతలి పక్షం వాళ్ళు కూడా అదే యాసలో మాట్లాడుకుంటున్నారని ప్రేక్షకుడు గమనించాలి. సంగీతం కూడా ఇలాగే. నిండైన పనసమానుతో ఏకాండిగా చెక్కే వీణ బొబ్బిలి సొత్తు. గొల్లపల్లి పనివాళ్ళు ఇప్పటికీ చేస్తున్నారు. వయొలిన్ అనగానే విజయనగరం మహారాజా సంగీత కళాశాలా, అక్కడ పాఠం చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడూ గుర్తొస్తారు. నా సినిమాలో ఇవి రెండే వాయిద్యాలు. ద్వారం వారి వయొలిన్, ఈమని శంకరశాస్త్రి వీణ. కోట మండుతున్నప్పుడు రెండూ ఆగిపోవాలి.

తుపాకి గుండు తగిలి రంగారావు నేలకొరిగాడు. లోపలివాళ్ళు ఎవరూ ప్రాణభిక్ష అడగలేదు. కోట పట్టుకున్నవాళ్ళు లోపలికి వచ్చాక కనబడినవి పొగ, బూడిద, శవాలు. అప్పుడొక ముసలివాడు చేతుల్లో ఒక పసివాణ్ణి పట్టుకుని లా అనే ఫ్రెంచి అధికారి ముందుకొచ్చాడు. వీడు రంగారావు కొడుకు, తండ్రి మాటకు విరుద్ధంగా నేను కాపాడాను అన్నాడని ఆర్మ్ రాసినదాని సారాంశం. ఆ ముసలివాడి పేరు ఆర్మ్ రాయలేదు.

ఈ వేషం జె.వి. సోమయాజులుది. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, విజయనగరం రంగస్థలం మీద 'కన్యాశుల్కం' ఆడుతూ పెరిగి, రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేస్తూ 'శంకరాభరణం' శాస్త్రి అయినవాడు. ఈ చిత్రం మొత్తంలో ఆయనకు నాలుగైదు సన్నివేశాలే. మొదట్లో దొర వెనక చేతులు కట్టుకుని నిలబడతాడు. తర్వాత ఒకసారి పిల్లవాడిని భుజం మీద ఎక్కించుకుని చెరువు గట్టున నడుస్తాడు. చివరికి పొగలోంచి వస్తాడు. దొర మాట జవదాటని మనిషి జీవితంలో ఒక్కసారి జవదాటాడు. ఆ రోజు ఆ కోటలో జరిగిన పనులన్నిటిలో నేను తలవంచి నమస్కరించేది దీనికే. కత్తి పట్టినవాళ్ళ పేర్లు పాటల్లోకి ఎక్కాయి. ఇతని పేరు కూడా ఎక్కి ఉంటే బాగుండేది.

పిల్లవాణ్ణి చూసి బుస్సీ కంట తడి పెట్టాడని జనం చెప్పుకుంటారు. తండ్రికి ఇస్తానన్న భూముల్ని కొడుకు పేర రాసిచ్చాడు. వద్దన్న దానమే చివరికి ఆ ఇంటికి మిగిలింది. జెరార్ ఫిలిప్ ఇక్కడ ఏడవక్కర్లేదు. ఆ కాగితం మీద సంతకం చేసి, ఇసుక చల్లి, అది ఆరేదాకా తలెత్తకుండా ఉంటే చాలు.

ఇంతా అయ్యాక తాండ్ర పాపారాయుడు వస్తాడు. మల్లమ్మ అన్న, రాజాం కోటలో ఉన్నవాడు. కబురు ఆలస్యంగా అందినవాడు. మన కథల్లో, సినిమాల్లో యుద్ధం మొత్తం ఆయనదే. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఆలస్యంగా రావడంలోనే ఉంది. కాపాడడానికి ఎవరూ మిగలని చోటికి వచ్చిన వీరుడు ఆయన. శ్రీహరి చేయాలి ఈ వేషం. 'మగధీర'లో షేర్ ఖాన్‌గా కనబడ్డ ఆ కొండంత మనిషి 2013లోనే వెళ్ళిపోయాడు. ఆ దేహం బూడిదలో కూర్చుని చెల్లెలి కోసం వెతకడం తలచుకుంటే చాలు.

విజయరామరాజును ఎవరు చంపారన్న చోట పాట ఒకటి చెబుతుంది, ఆర్మ్ ఇంకోలా చెబుతాడు. పాటలో పాపారాయుడు, దేవులపల్లి పెద్దన్న, బుద్ధరాజు వెంకయ్య. ఆర్మ్ పుస్తకంలో పేరులేని నలుగురు బొబ్బిలి సైనికులు. దొర పడిపోవడం చూసి కోటలోనే ఓ మూల దాక్కుని, రాత్రి గోడ దిగి, అడవి పొదల్లో రెండు రోజులు కాచుకున్నారు. మూడోనాటి రాత్రి ఇద్దరు బయల్దేరారు. కావలివాళ్ళు అడిగితే జవాబు చెప్పారు. తెలుగువాళ్ళే కనుక ఎవరూ అనుమానించలేదు. గుడారం వెనక నుంచి పాక్కుంటూ లోపలికి దూరారు. రాజు ఒంటరిగా నిద్రపోతున్నాడు. ముప్పై రెండు పోట్లు. తుపాకులు పేలేలోగా, ఇక మాకు తృప్తి అని శవాన్ని చూపించి అక్కడే చచ్చారు. వీళ్ళు విఫలమైతే పని పూర్తి చేయడానికి మిగతా ఇద్దరూ అడవిలో ఉండిపోయారు.

పాటనూ పుస్తకాన్నీ నేను కలిపేస్తాను. పాపారాయుడి పక్కన పేరులేని ఒక సైనికుణ్ణి నడిపిస్తాను. అయితే గుడారంలోకి కెమెరా వాళ్ళతోపాటు వెళ్ళదు. అంతకుముందే లోపల ఉంటుంది, ఎస్.వి. రంగారావు దగ్గర. గెలిచి మూడు రోజులైంది. పక్క ఊరివాడు ఇక లేడు. వాగు నీళ్ళు ఇక అడ్డులేకుండా వస్తాయి. ఆ భారీ మనిషి మంచం మీద కూర్చుని ఉన్నాడు. నౌకర్ని పిలిచి లేవాలనుకుంటాడు, పిలవడు, అలాగే పడుకుంటాడు. తాను కోరింది ఇది కాదని ఆ ముఖంలో తెలియాలి. ఒక తెలుగు నటుడికి ఇంతకంటే పెద్ద సన్నివేశం ఇవ్వగలమా?

ఇక్కడితో ఆపితే పగ తీరిన కథ అవుతుంది. అలా ఆపడానికి నా మనసు ఒప్పదు. చివరి పావుగంట షేక్ నాజర్‌కి వదిలేస్తాను. బుర్రకథను తెలుగు నేలంతా తిప్పిన ఆ మనిషి తంబురా మీటుతూ మిగిలిన లెక్క చెబుతాడు. ఆ 1757 జూన్‌లోనే బుస్సీ విశాఖపట్నంలో ఇంగ్లీషువాళ్ళ కోఠీని పట్టుకున్నాడు. అదే నెలలో బెంగాల్లో ప్లాసీ జరిగింది. 1758లో హైదర్ జంగ్ ఔరంగాబాదులో హత్యకు గురయ్యాడు. విజయనగరం గద్దెనెక్కిన ఆనందరాజు ఫ్రెంచివాళ్ళ మీద తిరగబడి ఇంగ్లీషువాళ్ళను పిలిచాడు. క్లైవ్ పంపిన ఫోర్డ్ 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనను ఓడించాడు. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం పడిపోయింది. 1760 జనవరి 22న వందవాసిలో బుస్సీ ఇంగ్లీషువాళ్ళకు బందీగా చిక్కాడు. బొబ్బిలి కోట కాలి మూడేళ్ళు నిండడానికి అప్పటికి రెండు రోజులు తక్కువ.

ఇంగ్లీషువాళ్ళను పిలిచిన ఆ పిలుపు విజయనగరానికీ ఖరీదైందే. తరం మారాక, పేష్‌కష్ (కప్పం) బాకీల తగాదాలో, 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఇంగ్లీషు సైన్యం చేతిలో చిన విజయరామరాజు ప్రాణాలు వదిలాడు. ఆయన వెంట నిలబడ్డ ఎందరో నేలకూలారు. ఆ ఏడే, పొగలోంచి బయటికొచ్చిన పిల్లవాడు చిన్న రంగారావుకు ఇంగ్లీషువాళ్ళు తండ్రి భూములు తిరిగి ఇచ్చారు. యుద్ధం జరిగినచోట 1891లో బొబ్బిలి రాజావారు స్మారక స్తంభం నిలిపారు. ఆ సంస్థానం వారసుడు రామకృష్ణ రంగారావు 1932లో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రి అయ్యారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఆ ఓటమిలో రక్తం చుక్క కూడా చిందలేదు. ఈ వాక్యం నాజర్ గొంతులో వినాలని నాకు ఆశ.

నా నటుల్లో దాదాపు అందరూ పోయారు కనుక ఈ సినిమా రాదు. కానీ బొబ్బిలి కథను ఎవరో ఒకరు మళ్ళీ తీస్తారు. ఫిరంగులు ఇంకా పెద్దగా మోగుతాయి, కోట ఇంకా ఎత్తుగా లేస్తుంది. తీసేవాళ్ళకు నా విన్నపం ఒకటే. పాపారాయుడిగా మీకు నచ్చినవాణ్ణి పెట్టుకోండి. విజయరామరాజు వేషం మాత్రం చిన్న నటుడికి ఇవ్వకండి. ఆ ముసలివాణ్ణి కత్తిరించకండి.